పెద్ద గేమ్ ముందు రాత్రి అభిమానులు గేమ్ ప్లాన్ వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమెరికాలోని కొలంబస్‌లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్న ఐదుగురు తెలుగు స్టూడెంట్లు. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం ఒహాయో స్టేట్, మిషిగన్ కాలేజీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్. ముందు రాత్రి అందరూ ఒక గదిలో చేరి ప్లాన్ వేస్తారట. ఒకడు "మొదటి నుంచీ లాంగ్ పాస్‌లే" అంటాడు, ఇంకొకడు "రన్ గేమ్ ఉంటేనే గెలుపు" అంటాడు, రెండు గంటలు అరుచుకుని పిజ్జా తిని పడుకుంటారు. డౌన్లు (10 యార్డులు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాలు), యార్డుల సంగతి వాళ్లకి తెలుసు. కాస్త పద్ధతిగా, మర్నాడు టీవీ ముందు పనికొచ్చేలా ప్లాన్ ఎలా వేయాలన్నదే అడుగుతున్నారు.

సూటిగా జవాబు: ప్లేలతో మొదలుపెట్టకండి. ఎవరికి ఎదురుగా ఎవరు నిలబడతారో దానితో మొదలుపెట్టండి. మన అఫెన్స్‌లో వాళ్లు ఆపలేని మనిషి ఎవరు, వాళ్ల డిఫెన్స్‌లో మనం కదపలేని చోటు ఎక్కడ, ఈ రెండూ ముందు రాసుకోండి. తర్వాత ఫస్ట్ డౌన్‌లో ఏం చేయాలి, థర్డ్ డౌన్‌లో ఏం చేయాలి అని పరిస్థితుల వారీగా నాలుగు నిర్ణయాలు తీసుకోండి. ప్లాన్ ఒక కాగితం దాటితే అది ప్లాన్ కాదు, కోరికల చిట్టా.

ఎందుకంటున్నానో మీ కాలేజీ గేమ్‌లోనే చూడొచ్చు. 2024 నవంబరు 30న సొంత స్టేడియంలో, దాదాపు 20 పాయింట్ల ఫేవరెట్‌గా దిగిన ఒహాయో స్టేట్ 13-10తో ఓడింది. మిషిగన్ ఆ రోజు పాస్‌ల మీద సంపాదించింది మొత్తం 62 యార్డులు. పాస్‌లు విసిరే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ 2 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే రెండు పాస్‌లు ఎదుటివాళ్లకే చిక్కాయి. అయినా గెలిచారు.

మిషిగన్ డిఫెన్స్ బలమంతా నట్టనడుమ ఉంది: మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో ఇద్దరూ మొదటి రౌండ్‌లోనే పోయారు, ఒకరు 5వ పిక్, ఇంకొకరు 13వ పిక్. ఒహాయో స్టేట్ అఫెన్స్ లైన్‌లో (ముందు వరసలో బ్లాక్ చేసే ఐదుగురు) ఎడమ టాకిల్ జోష్ సిమన్స్ అక్టోబరులోనే, సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ నవంబరులో గాయాలతో ఆ సీజన్‌కి దూరమయ్యారు. అటుపక్క పాస్‌లు అందుకునే రిసీవర్లని కాసే మిషిగన్ నంబర్ వన్ కార్నర్ విల్ జాన్సన్ కూడా గాయంతో బయటే. అంటే వాళ్ల గట్టి గోడ ముందు మన బలహీనమైన చోటు నిలబడింది, వాళ్ల బలహీనమైన చోటు ముందు జెరెమియా స్మిత్ లాంటి రిసీవర్లు నిలబడ్డారు. ఈ రెండు వాక్యాలు గురువారమే ఎవరైనా రాసుకోగలిగినవే. అయినా ఆ రోజు ఒహాయో స్టేట్ బంతిని మళ్లీ మళ్లీ మధ్యలోకే తోసింది. 26 రన్‌లకి 77 యార్డులు, సగటున 3 కూడా లేదు. సుమారు నెల తర్వాత రోజ్ బౌల్ ప్లేఆఫ్ గేమ్‌లో అదే జట్టు ఆరెగాన్ మీద మొదటి నుంచే స్మిత్‌కి బంతి అందించింది. అతనొక్కడికే 187 యార్డులు, స్కోరు 41-21. 2025 జనవరి 20న నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించి నేషనల్ టైటిల్ కూడా పట్టుకుపోయింది.

అందుకే మొదటి పావుగంట ఫార్మేషన్ల గోల వద్దు. ఒక కాగితం మీద రెండు జట్ల స్టార్టర్లనీ ఎదురెదురుగా రాయండి: మన లైన్ ఐదుగురు, వాళ్ల ఫ్రంట్. మన రిసీవర్లు, వాళ్ల కార్నర్లు. మన టైట్ ఎండ్ (లైన్ చివర బ్లాక్ చేస్తూ పాస్‌లూ పట్టేవాడు), వాళ్ల లైన్‌బ్యాకర్ (ఫ్రంట్ వెనక నిలబడేవాడు) లేదా సేఫ్టీ (అందరికంటే వెనక కాపలా). ప్రతి జతకీ ఒక్కటే మార్కు: మనది పైచేయి, వాళ్లది పైచేయి, సమానం. గాయపడ్డవాళ్ల పేర్లు శుక్రవారం రాత్రి పెన్సిల్‌తోనే రాయండి. ఈ రెండు జట్లూ ఆడే బిగ్ టెన్ లీగ్‌లో 2023 నుంచి గేమ్‌కి 2 గంటల ముందు ఎవరు ఆడరో అధికారికంగా చెప్తున్నారు. ఆ జాబితా వచ్చాకే పెన్నుతో ఖాయం చేయండి. ఒక్క సెంటర్ మారితే మధ్య నుంచి రన్ ప్లాన్ మొత్తం మారిపోతుంది, ఎందుకంటే డిఫెన్స్‌ని చూసి ఎవరు ఎవరిని బ్లాక్ చేయాలో లైన్‌కి చెప్పేది చాలా జట్లలో అతనే.

అంకెలు చూసేప్పుడు మోసపోయే చోట్లు

కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ శాక్ అయితే (బంతి విసిరేలోపే పడగొడితే) పోయిన యార్డులు రన్నింగ్ లెక్కలోంచి తీసేస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో పాసింగ్ లెక్కలోంచి తీస్తారు. ఈ తేడా తెలియక "వాళ్ల మీద రన్ నడవదురా, సగటు 3.1" అని వాదించేవాళ్లు చాలామంది. ఊహకి ఒక లెక్క: 35 రన్‌లు, 110 యార్డులు, సగటు 3.1. అందులో 4 శాక్‌లు, 28 యార్డుల నష్టం ఉన్నాయనుకోండి. అవి తీసేస్తే 31 రన్‌లు, 138 యార్డులు, సగటు దాదాపు 4.5. రన్ ఆపగల డిఫెన్స్ అనుకున్నది కాస్తా నిజానికి పాస్ రష్ బాగున్న డిఫెన్స్ అని తేలుతుంది. అలాంటివాళ్ల మీద ప్లాన్ పూర్తిగా తలకిందులవుతుంది: వాళ్ల ఎడ్జ్ రషర్లు (చివరల నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లు) దూకుడుగా వచ్చేవేళ డ్రా (పాస్‌లా నటించి రన్), స్క్రీన్ (బ్లాకర్ల వెనక పొట్టి పాస్) పనికొస్తాయి, ఏడడుగులు వెనక్కి వెళ్లి విసిరే లోతు పాస్‌లు పనికిరావు.

మొత్తం యార్డుల కంటే ఎన్ని ప్లేలు "పని జరిపాయి" అన్నది చూడండి. ఫస్ట్ డౌన్‌లో కావలసినదాంట్లో సగం, సెకండ్ డౌన్‌లో మిగిలినదాంట్లో 70 శాతం, థర్డ్, ఫోర్త్ డౌన్లలో మొత్తం వస్తే ఆ ప్లే సఫలం. ఫస్ట్ అండ్ 10లో (మొదటి డౌన్, కావలసింది 10 యార్డులు) 5 యార్డులు సఫలం, 4 యార్డులు విఫలం. ఈ లెక్క ఎవరైనా చేత్తో కట్టుకోవచ్చు. ఒక జట్టు గేమ్‌కి ఆడేది 60 నుంచి 70 ప్లేలు, ప్లే బై ప్లే షీటు ముందు పెట్టుకుంటే అరగంట పని.

లెక్క కట్టేముందు రెండు తీసేయండి. ఒకటి, చిన్న జట్ల మీద ఆడిన సెప్టెంబరు గేమ్‌లు. రెండు, నాలుగో క్వార్టర్‌లో తేడా 21 దాటాక జరిగినదంతా. అప్పటికి ఒకవైపు రిజర్వులు ఆడుతుంటారు, ఇంకోవైపు గడియారం కరిగితే చాలనుకుంటుంటారు. ఇంకోమాట, పడిపోయిన బంతి ఎవరికి దొరుకుతుందన్నది చాలావరకు అదృష్టం. "వాళ్లు ఈ సీజన్‌లో 12 ఫంబుల్స్ పట్టారు" అన్న అంకె మీద ప్లాన్ కట్టకండి. బంతిని ఎన్నిసార్లు పడగొట్టారన్నది మాత్రం చూడండి, అందులో నైపుణ్యం ఉంది.

వీడియోలు ఏవి చూడాలి? మూడు చాలు: వాళ్ల చివరి గేమ్, మనలాంటి అఫెన్స్ ఉన్న జట్టుతో ఆడిన గేమ్, చెత్తగా ఓడిన గేమ్. హైలైట్స్ చూడటం దండగ. వాటిలో సఫలమైనవే ఉంటాయి, మనకి కావలసింది ఫస్ట్ అండ్ 10లో వాళ్ల అలవాటు. నోట్‌బుక్‌లో ఐదు గళ్లు గీసుకోండి: డౌన్, ఎన్ని యార్డులు, బంతి ఏ హ్యాష్ (మైదానం పొడవునా ఉండే చిన్న గీతల వరస) మీద ఉంది, రన్ లేదా పాస్, ఫలితం. మూడు గేమ్‌లు అయ్యేసరికి "సెకండ్ అండ్ లాంగ్ అయితే చాలు బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు మనుషులు) వస్తున్నారు" లాంటిది ఒకటో రెండో బయటపడుతుంది. అలాంటివి ఇరవై దొరికాయంటే మీరు లేనివి చూస్తున్నట్టే.

ఎవరిని వదిలేస్తున్నారో లెక్కపెట్టండి

రన్నా, పాసా అనే గొడవ తీర్చేది అభిప్రాయాలు కాదు, వేళ్ల మీద లెక్క. బంతి ముందు టాకిల్ నుంచి టైట్ ఎండ్ దాకా, ఓ నాలుగైదు యార్డుల లోతు వరకూ ఉన్న చోటుని బాక్స్ అంటారు. స్నాప్‌కి (సెంటర్ బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) ముందు ఆ బాక్స్‌లో డిఫెన్స్ వాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. మన బ్లాకర్లు ఐదుగురు లైన్, ఒక టైట్ ఎండ్, మొత్తం 6. బాక్స్‌లో 6 ఉంటే అందరికీ ఒక్కొక్కడు దొరికాడు, రన్ కొట్టొచ్చు. 7 ఉంటే ఒకడు ఖాళీగా మిగులుతాడు, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ని పట్టేది వాడే. 8 ఉంటే మధ్యలోకి రన్ కొట్టడం గోడకేసి తల బాదుకోవడమే, కానీ వెనక ఒక్క సేఫ్టీయే మిగులుతాడు కాబట్టి బయట రిసీవర్ ఒంటరిగా ఒకడితోనే తేల్చుకుంటాడు.

ఆ ఏడో మనిషిని ఏం చేయాలన్నదే కాలేజీ అఫెన్స్ అసలు కిటుకు. క్వార్టర్‌బ్యాక్ బంతి అందించి నిలబడిపోతే మన వైపు ఒక మనిషి వృథా అవుతున్నాడు, వాళ్లు 11, మనం 10. అదే క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తగలవాడైతే, వాళ్ల ఫ్రంట్ చివరన ఉన్న ఎండ్‌ని కావాలనే బ్లాక్ చేయకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి ఆ ఎండ్ భుజాలు చూస్తాడు. భుజాలు బ్యాక్ వైపు తిరిగితే బంతి లాగేసుకుని వాడు ఖాళీ చేసిన చోటు నుంచి బయటికి పరిగెడతాడు. ఎండ్ కదలకుండా నిలబడితే బంతి బ్యాక్‌కి వదిలేస్తాడు. ఎటుచూసినా ఆ ఎండ్ తప్పే చేస్తాడు. దీన్నే ఇంకో మెట్టు ఎక్కిస్తే ఆర్‌పీఓ (రన్ పాస్ ఆప్షన్): లైన్ రన్ బ్లాక్ చేస్తుంటుంది, క్వార్టర్‌బ్యాక్ లైన్‌బ్యాకర్‌ని చూసి పాస్ వేస్తాడు. పాస్ వేసేలోపు కాలేజీలో లైన్ వాళ్లు 3 యార్డుల దాకా ముందుకి వెళ్లొచ్చు, ఎన్ఎఫ్ఎల్‌లో 1 యార్డే. కాలేజీలో ఆర్‌పీఓ ఇంత విరివిగా కనబడటానికి ఆ 2 యార్డుల వెసులుబాటే పెద్ద కారణం.

కాబట్టి మీ కాగితం మీద "రన్ ఎక్కువ కొట్టాలి" అని రాయకండి. "బాక్స్‌లో 6 ఉన్నంతసేపు రన్, 8 వచ్చిన ప్రతిసారీ స్మిత్ వైపు" అని రాయండి. ఇది టీవీలో కూడా సరిచూసుకోగలిగిన ప్లాన్.

హ్యాష్ మార్కులు

దీన్ని చాలామంది అభిమానులు పట్టించుకోరు. కాలేజీ మైదానంలో రెండు హ్యాష్‌ల మధ్య 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. వెడల్పు మొత్తం 160 అడుగులు. అంటే బంతి ఎడమ హ్యాష్ మీద ఉంటే ఎడమ పక్క 60 అడుగుల సందు, కుడి పక్క 100 అడుగుల మైదానం. ఇరుకు వైపుని బౌండరీ అంటారు, విశాలమైన వైపుని ఫీల్డ్. బౌండరీ వైపు సైడ్‌లైనే డిఫెన్స్‌కి పన్నెండో మనిషి. ఫీల్డ్ వైపు చోటు ఎక్కువే, కానీ ఆ చివరికి ఔట్ పాస్ వేయాలంటే బంతి గాల్లో చాలాసేపు ఉంటుంది. చెయ్యి బలం లేని క్వార్టర్‌బ్యాక్ అక్కడికి విసిరితే కార్నర్ మధ్యలో దూరి పట్టుకుని ఎదురు పరుగెత్తుతాడు. మీ క్వార్టర్‌బ్యాక్ ఆ పాస్ వేయగలడా అన్నది ముందే తేల్చుకోండి. వేయలేకపోతే ఫీల్డ్ వైపు స్క్రీన్‌లు, స్వీప్‌లే (పక్కగా పరిగెత్తే రన్‌లు) ఉంచి లోతు పాస్‌లు బౌండరీ వైపు పెట్టండి.

థర్డ్ డౌన్ గురించి తలలు పట్టుకోకండి

ప్రో కబడ్డీలో రెండు ఖాళీ రైడ్‌ల తర్వాత వచ్చే డూ ఆర్ డై రైడ్ చూస్తారుగా, థర్డ్ డౌన్ అలాంటిది. అక్కడికి ఎలా వచ్చామన్నదే ఫలితాన్ని సగం తేల్చేస్తుంది. థర్డ్ అండ్ 2లో డిఫెన్స్ రన్‌కీ పాస్‌కీ రెండింటికీ సిద్ధపడాలి. థర్డ్ అండ్ 9లో పాస్ రషర్లు చెవులు రిక్కించి నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదికే వస్తారు. అందుకని ప్లాన్‌లో ఎక్కువ చోటు ఫస్ట్ డౌన్‌కి ఇవ్వండి. అందరూ రన్ ఊహించే ఫస్ట్ అండ్ 10లో ప్లే యాక్షన్ పాస్ (రన్ అని నమ్మించి వేసే పాస్) బాగా పనిచేస్తుంది, లైన్‌బ్యాకర్లు రెండడుగులు ముందుకొస్తే వాళ్ల వెనక 12 యార్డుల దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. ముందు రన్ బాగా నడిస్తే తప్ప ప్లే యాక్షన్ పనిచేయదని టీవీలో చెప్పే మాట పూర్తిగా నమ్మకండి. లైన్‌బ్యాకర్లు చూసేది లైన్ వాళ్ల మొదటి అడుగుని, స్కోర్‌బోర్డు మీది రన్ సగటుని కాదు.

మొదటి రెండు డ్రైవ్‌లు చూసి ప్లాన్ ఫెయిలైందని గోల చేసేవాళ్లు ప్రతి గదిలోనూ ఉంటారు. చాలా జట్లు మొదటి పదిహేను ప్లేల దాకా ముందే రాసుకుని దిగుతాయి. ఎన్ఎఫ్ఎల్ జట్టు 49ఎర్స్ ఒకప్పటి కోచ్ బిల్ వాల్ష్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. వాటిలో కొన్ని యార్డుల కోసం కాదు, ఫలానా ఫార్మేషన్ వేస్తే డిఫెన్స్ ఎలా జరుగుతుందో చూడ్డానికి. ఆ ప్లేల్లో ఏది ఎక్కడికి వెళ్లిందన్నది వదిలేసి, సేఫ్టీలు ఒకరున్నారా ఇద్దరా, స్నాప్‌కి ముందు మోషన్‌లో రిసీవర్ పరిగెడితే వెనకే ఒకడు పరిగెత్తాడా లేదా అని రాసుకోండి. వెంట పరిగెత్తితే మ్యాన్ కవరేజీ (ఒక్కొక్కడు ఒక్కో మనిషిని కాయడం), అక్కడక్కడే సర్దుకుంటే జోన్ (చోటుని కాయడం). రెండో క్వార్టర్‌లో ఏం వస్తుందో ఆ చీటీలోనే ఉంటుంది.

ఒకడిని శత్రు పక్షాన కూర్చోబెట్టండి

మీరు ఐదుగురున్నారు కదా. ఒకడికి మిషిగన్ టోపీ పెట్టండి, ఎంత బాధగా ఉన్నా సరే. వాడి పని ఒక్కటే: ఒహాయో స్టేట్‌ని ఓడించే ప్లాన్ నిజాయితీగా వేయడం. తక్కువ బలం ఉన్న జట్టు సాధారణంగా చేసేది ప్లేల సంఖ్య తగ్గించడం. ప్రతిసారీ ప్లే క్లాక్ 40 సెకన్లలో ఆఖరి రెండు మూడు సెకన్ల దాకా లాగి, రన్ కొట్టి, పంట్‌తో (బంతిని దూరంగా తన్నేసి) మనల్ని వెనక్కి నెట్టి, నాలుగో క్వార్టర్ దాకా ఒక స్కోరు తేడాలో వేలాడటం. 2023 నుంచి ఫస్ట్ డౌన్ వచ్చినప్పుడు గడియారం ఆగడం మానేసింది, హాఫ్‌లో చివరి 2 నిమిషాల్లో మాత్రమే ఆగుతుంది. ఈ మార్పు నెమ్మదిగా ఆడేవాళ్లకే లాభం. 2024లో మిషిగన్ 42 సార్లు రన్ కొట్టి 172 యార్డులు తీసింది, పాస్‌లు 16 మాత్రమే. ఆఖర్లో థర్డ్ అండ్ 6లో కూడా రన్‌నే నమ్ముకుంది, వాళ్ల రన్నింగ్ బ్యాక్ కేలెల్ మల్లింగ్స్ 27 యార్డులు దూసుకెళ్లాడు, 45 సెకన్లు ఉండగా 21 యార్డుల ఫీల్డ్ గోల్‌తో (పోస్టుల మధ్యకి తన్నే 3 పాయింట్ల కిక్) పని ముగించింది. టోపీ పెట్టుకున్నవాడు ఇలాంటి ప్లాన్ చెప్పినప్పుడు మీ నలుగురి దగ్గర జవాబు లేకపోతే మీ ప్లాన్ ఇంకా అవ్వలేదన్నమాట.

కిక్కర్ కూడా ఆటగాడే

అభిమానుల ప్లాన్లలో స్పెషల్ టీమ్స్‌కి అస్సలు చోటుండదు. ఫీల్డ్ గోల్ దూరం ఇలా కట్టండి: బంతి ఉన్న యార్డ్ లైన్‌కి 17 కలపండి, ఎండ్ జోన్ 10, వెనక్కి స్నాప్ 7. బంతి 25 మీద ఉంటే 42 యార్డుల కిక్. మీ కిక్కర్ చలిలో, గాలిలో ఎంతవరకు నమ్మదగ్గవాడో ఒక యార్డ్ లైన్ ముందే గీసి పెట్టుకోండి. నవంబరు ఆఖరున కొలంబస్‌లో బంతి గట్టిపడుతుంది, దూరం తగ్గుతుంది. 2024లో ఒహాయో స్టేట్ 34, 38 యార్డుల కిక్‌లు రెండూ తప్పింది. 3 పాయింట్లతో ఓడిన గేమ్‌లో 6 పాయింట్లు అలా పోయాయి.

దీనికి పరాకాష్ఠ 2013 నవంబరు 30, ఆబర్న్, అలబామా గేమ్. 28-28 దగ్గర ఒక్క సెకను మిగిలుండగా అలబామా 57 యార్డుల కిక్ ప్రయత్నించింది. అది పొట్టిగా పడింది. ఎండ్ జోన్ లోపల నిలబడ్డ క్రిస్ డేవిస్ పట్టుకుని మైదానం మొత్తం పరుగెత్తాడు, 34-28. ఫీల్డ్ గోల్‌కి దిగిన పదకొండుమందిలో ఎక్కువమంది భారీ శరీరాల లైన్ వాళ్లు, పరిగెత్తే రిటర్నర్‌ని పట్టే వేగం వాళ్లకి ఉండదు. పొడవు కిక్ ప్రయత్నించేప్పుడు "పోతే పోయింది" అనుకోవడం తప్పన్నది ఇందుకే.

ఫోర్త్ డౌన్ నిర్ణయాలు కూడా శుక్రవారమే తీసుకోండి, శనివారం ఉద్వేగంలో కాదు. ఫోర్త్ అండ్ 1 సుమారు మూడింట రెండుసార్లు దక్కుతుంది. మైదానం మధ్య దాటాక 1 గానీ 2 గానీ కావాలంటే వెళ్లడమే సబబు, మీ లైన్ మధ్య భాగం కుంటుతున్నట్టయితే మాత్రం స్నీక్ (క్వార్టర్‌బ్యాక్ మధ్యలోకి తోసుకెళ్లడం) బదులు బయటికి ప్లే రాసుకోండి.

ఇక వాదన ఖాయంగా పుట్టించేది ఒకటి: చివర్లో 14 వెనకబడి ఉన్నారు, టచ్‌డౌన్ (6 పాయింట్లు) కొట్టారు, తేడా 8. ఇప్పుడు 1 పాయింట్ కిక్కా, 2 పాయింట్ల ప్లేకా? 2కే వెళ్లాలి. ఇంకో టచ్‌డౌన్ మీరు కొడతారనీ, వాళ్లు ఇంకేమీ కొట్టరనీ, కిక్ ప్రతిసారీ లోపలికే వెళ్తుందనీ, 2 పాయింట్ ప్రయత్నం 45 శాతం సార్లు దక్కుతుందనీ అనుకుందాం. మొదటిసారి దక్కితే, తర్వాతి టచ్‌డౌన్‌కి మామూలు కిక్ చాలు, గెలుపు: 45 శాతం. మొదటిసారి పోయి రెండోసారి దక్కితే టై: 55లో 45 శాతం, దాదాపు 25. రెండూ పోతే ఓటమి: దాదాపు 30. ఓవర్‌టైమ్ సగం సగం అనుకుంటే మొత్తం గెలుపు 57 శాతం చుట్టూ వస్తుంది. రెండుసార్లూ కిక్కే అంటే నేరుగా ఓవర్‌టైమ్, 50 శాతం. గదిలో ఎవరూ ఒప్పుకోకపోతే ఈ లెక్క చూపించండి, వీధిలో పందెం కాసేవాడికైనా అర్థమవుతుంది.

గడియారం

ముందున్న జట్టుకి 2 నిమిషాలు మిగిలుండగా ఫస్ట్ డౌన్ ఉంది, ఎదుటివాళ్లకి టైమౌట్లు లేవు. గేమ్ అయిపోయినట్టే: క్వార్టర్‌బ్యాక్ బంతితో మోకాలు వేసి ప్లే ముగించిన ప్రతిసారీ రెండు సెకన్లు, తర్వాత 40 సెకన్లు, మూడు సార్లకి 126 సెకన్లు. ఎదుటివాళ్ల దగ్గరున్న ఒక్కో టైమౌట్ దాదాపు 40 సెకన్లు మిగుల్చుతుంది. 2024 నుంచి ప్రతి హాఫ్‌లో 2 నిమిషాల దగ్గర ఆట దానంతటదే ఆగుతుంది కాబట్టి వెనకబడ్డ జట్టు 2:10 దగ్గర టైమౌట్ తగలేస్తే, కోచ్‌ని నిలదీయండి, మీకు ఆ హక్కుంది.

మీ చేతిలో నిజంగా ఉన్నదేంటి?

కోచ్‌కి మీ కాగితం చేరదు, చేరకూడదు కూడా. మైదానం మీద మీ ప్రభావం అంటూ ఉంటే అది గొంతు మాత్రమే. ఒహాయో స్టేడియంలో 1,02,780 మంది పడతారు. అరుపుకీ టైమింగ్ ఉంది. 2024 నుంచి ఒక ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాట వినబడుతుంది, ప్లే క్లాక్ 15 సెకన్లకి రాగానే ఆ లైన్ కట్ అవుతుంది. అక్కడి నుంచి క్వార్టర్‌బ్యాక్ తన గొంతుతోనే మార్పులు చెప్పాలి. ఆ 15 సెకన్లే మీవి. అరుపు గట్టిగా ఉంటే వాళ్లు సైలెంట్ కౌంట్‌కి వెళ్తారు: గార్డ్ సెంటర్‌ని తట్టడం, సెంటర్ తల ఎత్తడం, స్నాప్. చివరి టాకిల్ శబ్దం వినలేక తల తిప్పి బంతి కదిలినప్పుడే కదులుతాడు, మన ఎడ్జ్ రషర్‌కి అరడుగు ముందస్తు దొరుకుతుంది. తొందరపడితే ఫాల్స్ స్టార్ట్, 5 యార్డులు వెనక్కి. థర్డ్ అండ్ 4 కాస్తా థర్డ్ అండ్ 9 అవుతుంది.

మన అఫెన్స్ లైన్ దగ్గరికి రాగానే నోరు మూయండి. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. క్రికెట్ స్టేడియంలో మనవాడు బ్యాటింగ్ చేస్తుంటే అరిచే అలవాటు ఇక్కడ మన క్వార్టర్‌బ్యాక్‌కే అడ్డం.

రెండు జాగ్రత్తలు. ఎదుటి జట్టు సిగ్నళ్లు ఫోన్‌లో తీసి ఎవరికైనా పంపుదామన్న ఆలోచన రానివ్వకండి. రాబోయే ప్రత్యర్థుల గేమ్‌లకి మనుషుల్ని పంపి సిగ్నళ్లు తీయించడం చుట్టూ 2023లో మిషిగన్ మీద వచ్చిన వివాదం మీకు తెలిసిందే. ఆ గొడవలోనే కోచ్ జిమ్ హార్బా రెగ్యులర్ సీజన్ చివరి 3 గేమ్‌లకి సస్పెండయ్యాడు. రెండోది, మీ క్లాసులో జట్టు ఆటగాడు ఉంటే "మోకాలు ఎలా ఉంది" అని అడిగి ఆ సంగతి పందేలు కాసేవాళ్లకి చెప్పకండి. అలాంటి సమాచారం బయటికిస్తే ఆటగాడి భవిష్యత్తుకే ఎసరొస్తుంది.

చివరగా ఓవర్‌టైమ్, ఎందుకంటే ఆ వేళకి గదిలో ఎవరికీ రూల్ గుర్తుండదు. బంతి 25 యార్డ్ లైన్ దగ్గర, ఒక్కొక్కరికీ ఒక్కో అవకాశం. రెండో ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ కొడితే 2 పాయింట్లకే వెళ్లాలి. మూడోదాని నుంచి డ్రైవ్‌లే ఉండవు, ఒక్కో 2 పాయింట్ ప్లే మాత్రమే. టాస్ గెలిస్తే ముందు డిఫెన్స్ తీసుకోండి. ఎదుటివాళ్లకి ఎంతొచ్చిందో చూశాక ఫోర్త్ డౌన్‌లో కిక్కా, వెళ్లాలా అన్నది తెలిసి ఆడొచ్చు. మీ కాగితంలో 3 యార్డుల నుంచి ఆడే 2 పాయింట్ ప్లేలు కనీసం మూడు ఉండాలి: ఒకటి క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తేది, ఒకటి రిసీవర్లు అడ్డదిడ్డంగా దాటుకుంటూ మ్యాన్ కవరేజీని చిక్కులో పడేసేది, ఇంకోటి సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా చూపించనిది.